మూడు గాట్ల కొక్కెం

నేను ఒక ఇనప కొక్కేన్ని. పన్నెండు మిల్లీమీటర్ల కడ్డీని రెండడుగులకు కోసి, కింది కొన అడ్డంగా వంచి, పై కొన గొడుగు పిడిలా తిప్పితే నేను. అంతకుమించి అందచందాలేమీ లేవు. ముందే చెప్పేస్తున్నాను, ఓర్పు గురించీ క్షమ గురించీ వినాలనుంటే ఇంకెవరి దగ్గరికైనా వెళ్లండి. పానకాలరావు అనే కంట్రాక్టరు మీద నాకు పగ. ఆ పగకు ఆరేళ్లు. ఎలా పుట్టిందో, ఎంతవరకు వచ్చిందో చెబుతాను, తప్పెవరిదో మీరే చెప్పండి.

నన్ను చేసినవాడు అవనిగడ్డలో కమ్మరి వీరాచారి. వయసు అరవై దాటింది, ఎడమ చెవి సరిగా వినపడదు. ఒకరోజు ఉదయం పానకాలరావు తెల్ల కారులోంచి దిగి, కొలిమి ముందు నిలబడి, ఒక కాగితం తీసి చూపించాడు.

"గువ్వలదిబ్బ మీద నలభై ఇళ్లు కడుతున్నాం ఆచారిగారూ. తుఫానుకు ఎగిరిపోని ఇళ్లు. ఇంటికి పదహారు కొక్కేలు కావాలి. ముందు మాదిరికి ఒకటి చెయ్యండి. పై ఆఫీసరు చూసి సరేనంటే మిగతావాటికి ఇనుము పంపిస్తా."

ఇంటికి పదహారు ఎందుకో వీరాచారికి చెప్పనక్కర్లేదు. తుఫాను గాలి ముందు గోడల జోలికి పోదు. కప్పు కింద దూరి, దాన్ని పైకి లేపుతుంది. కప్పు లేచిపోయాక గోడల్ని కూల్చడం దానికి చిటికెలో పని. అందుకని గోడల పైన కాంక్రీటు బెల్టు పోసేటప్పుడే మా కాళ్లు అందులో పాతాలి. మా మెడలు కప్పు కింది ఇనప పైపుల మీద పడాలి. పదహారు మందిమి పదహారు చోట్ల పట్టుకుంటే కప్పు ఇంటిని వదలదు. బీదవాడి ఇంటికి ఇంతకన్నా చవకైన కాపలా లేదు. కడ్డీ ముక్కలమే కదా.

వీరాచారి నన్ను ఎర్రగా కాల్చి, దాగలి మీద పెట్టి వంచి, నీళ్లలో ముంచాడు. తర్వాత ఉలి తీసుకుని మెడ మీద వరుసగా మూడు గాట్లు పెట్టాడు. అది ఆయన తండ్రి నాటి నుంచి వస్తున్న అలవాటు. ఏ కొత్త పని వచ్చినా మొదటి ముక్కకు మూడు గాట్లు పెడతారు. దాన్ని సరుకులో కలపరు, ఎదురుగా పెట్టుకుని మిగతావి దాని కొలతకు కొడతారు. పని అయ్యాక అది కొలిమి గోడకు వేలాడుతూ ఉండిపోతుంది.

"ఇది నాకు తిరిగి రావాలండి. గాట్లు మాదిరికే, సరుక్కి ఉండవు" అని చెప్పాడు ఆయన.

పానకాలరావు అప్పటికే ఫోనులో ఎవరితోనో నవ్వుతున్నాడు. అలాగే అలాగే అని చెయ్యూపి నన్ను కారు వెనక సీటు మీదకు గిరాటేశాడు. ఎదుటివాడి మాట వినకపోవడం కాస్త డబ్బూ దస్కం ఉన్నవాళ్లకు వచ్చే జబ్బు. ఆ ఒక్క మాట విని ఉంటే అతను ఈపాటికి ఇంకో దిబ్బ మీద ఇంకో నలభై ఇళ్లు కడుతూ ఉండేవాడు.

నేను మాత్రం ఆ రోజు ఎంత సంబరపడ్డానో చెప్పలేను. నా వెనక ఆరు వందల ముప్పై తొమ్మిది మంది తమ్ముళ్లు పుట్టబోతున్నారు. పై ఆఫీసరు బల్ల మీద నన్ను తిప్పి చూసి, బాగుందని తలూపి, వారం రోజులు కాగితాలు ఎగరకుండా నన్ను వాటి మీద పెట్టుకున్నాడు. ఆ వారమంతా నేను తమ్ముళ్ల గురించే ఆలోచించాను. వాళ్లు పుట్టలేదు. ఇనుము రాలేదని వీరాచారి రెండు మూడుసార్లు ఫోను చేస్తే, వస్తుంది వస్తుంది అన్నారట. ఆయన మంచివాడు, నమ్మాడు.

గువ్వలదిబ్బ కృష్ణ సముద్రంలో కలిసే చోట ఉంటుంది. ఒక పక్క నది పాయ, ఒక పక్క మడ అడవి, ఎదురుగా సముద్రం. రెండు పడవలు కలిపి పైన చెక్కలు పరిచిన పంటు మీద ఎవరైనా అక్కడికి వెళ్లాల్సిందే. నేను వెళ్లేసరికి గోడలు లేచాయి, కప్పులకు పైపులు కూడా పడ్డాయి. బెల్టు పోసేశారు. బెల్టు పోసేశాక కొక్కేలు ఎక్కడ పాతుతారు? మేకును గోడ కట్టాక కొట్టొచ్చు గాని, మమ్మల్ని పచ్చి కాంక్రీటులోనే నిలబెట్టాలి. పానకాలరావు పైపుల్ని గోడ మీద ఊరికే ఆనించి, చివర్లలో గుప్పెడు సిమెంటు మెత్తించాడు. అంతే.

అయితే ఒక రూలు అతనికి అడ్డొచ్చింది. ప్రతి ఇంటికీ కొక్కెం బిగించినట్టు దగ్గరగా ఫోటో తీయాలి, పక్కన ఇంటి నంబరు కనిపించాలి. అది లేకపోతే ఇల్లు పూర్తయినట్టు లెక్కలోకి రాదు. ఆ పని మీద అతని సూపర్‌వైజరు రంగబాబు నన్ను ఒక సంచిలో వేసుకుని పంటు ఎక్కాడు.

ఒకటో నంబరు ఇంటి గోడ మీద కాస్త పచ్చి సిమెంటు వేసి, నా కాలు అందులో గుచ్చి, మెడను పైపుకు తగిలించాడు. పలక మీద సుద్దముక్కతో ఒకటి అని రాసి పక్కన పెట్టాడు. ఫోనుతో ఫోటో తీశాడు. సరే, ఇదే నా ఇల్లన్నమాట, నా తమ్ముళ్లు వెనక వస్తున్నారు కాబోలు అనుకున్నాను. అంతలో నన్ను పీకి, బకెట్లో ముంచి కడిగి, రెండో ఇంటికి తీసుకెళ్లాడు. మళ్లీ సిమెంటు, మళ్లీ పలక, మళ్లీ ఫోటో. మూడో ఇంటి దగ్గర నాకు అర్థమైంది. ఆ రోజు నన్ను నలభైసార్లు నిలబెట్టి నలభైసార్లు పీకారు. పెళ్లికూతురికి కూడా ఒక్క రోజులో అన్ని ఫోటోలు తీయరు. ప్రతి ఫోటోలో నేను ఒక ఇంటిని కాపాడుతున్నట్టు నిలబడ్డాను, ఒక్క ఇంటినీ కాపాడలేదు. నా పగ పుట్టిన రోజు అదే.

నలభయ్యో ఇల్లు నాంచారమ్మది. ముప్పై ఆరేళ్ల మనిషి. భర్త పోయాక మడల్లో పీతలు పట్టి, రేవులో అమ్మి, ఇద్దరు ఆడపిల్లల్నీ అత్త తిరపతమ్మనూ సాకుతోంది. ఆఖరి ఫోటో అయ్యేసరికి పంటు బయల్దేరుతోందని రేవు నుంచి కేకలు వినిపించాయి. రంగబాబు ఫోను జేబులో వేసుకుని పరుగందుకున్నాడు. నన్ను మరిచిపోయాడు.

"అయ్యా, ఇదేందండీ, ఈడ వదిలేసి పోతన్నారు?" అని నాంచారమ్మ వెనక నుంచి అడిగింది.

"దిష్టి గుమ్మడికాయ కట్టుకోడానికమ్మా, ఉంచుకో" అని వెనక్కి తిరక్కుండానే చెప్పి వెళ్లిపోయాడు.

నాంచారమ్మ నన్ను చేతిలోకి తీసుకుని మొదట చూసింది గాట్లు. వాటి గురించి మీకు చెప్పాలి. ఆ దిబ్బ మీద ప్రతి ఇంటికీ ఒక గాటు ఉంటుంది. వల బెండ్లు, లంగర్లు, తెడ్లు అన్నీ సముద్రంలో ఒకదానితో ఒకటి కలిసిపోతాయి గనుక ఎవరి గుర్తు వాళ్లు కోసుకుంటారు. నాంచారమ్మ వాళ్లది రెండు ఏటవాలు గాట్లు. ఒకరి గాటున్న వస్తువు ఒడ్డుకు కొట్టుకొస్తే దాన్ని అమ్మరు, వాడుకుని అరగదీయరు, సొంతదారు వచ్చేదాకా చూరు కింద జాగ్రత్తగా పెడతారు. ఈమె రెండు రోజులు దిబ్బంతా తిరిగి అడిగింది. "మూడు నిలువు గాట్లు ఎవరియ్యా?" ఎవరూ మాది అనలేదు. చివరికి తిరపతమ్మ తేల్చింది.

"ఎవరో ఒకళ్లు వత్తార్లేవే. అందాకా ఆ గుమ్మడికాయే కట్టు. వచ్చినోళ్లకి ఇచ్చేద్దాం."

అలా నేను గుమ్మడికాయకు కాపలా పడ్డాను. వాకిట్లో పైపుకు తాడుతో కట్టిన నాకు పసుపు రాసి, కుంకుమబొట్లు పెట్టిన బూడిదగుమ్మడికాయను ఉట్టితో తగిలించారు. కప్పును పట్టుకోవడానికి పుట్టినవాణ్ణి కాయను మోస్తున్నాను. గృహప్రవేశాల రోజు రేవులో పందిరేసి, తుఫానును తట్టుకునే ఇళ్లు అని పెద్ద బోర్డు పెట్టి, పానకాలరావుకు శాలువా కప్పారు. అతను ఇల్లిల్లూ చూస్తూ ఇక్కడికి వచ్చి, తలెత్తి నన్ను చూశాడు. గుర్తుపట్టాడు. ఒక్క క్షణం మొహం మాడింది. తర్వాత నవ్వాడు.

"బాగుందమ్మా, మంచి పని చేశావ్. దిష్టి తగలదు" అన్నాడు.

ఆ నవ్వును నేను మరిచిపోలేదు.

తిరపతమ్మ ఆ నవ్వులో పాలు పంచుకోలేదు. కొత్త ఇల్లు కావాలంటే పాత ఇల్లు పడగొట్టాలన్నారు గనుక ఆమె చుట్టిల్లు పోయింది. మట్టి గోడ గుండ్రంగా తిప్పి, తాటాకు కప్పు దాదాపు నేల దాకా దించిన ఇల్లది. వంగి లోపలికి వెళ్లాలి. తుఫాను కబురు వస్తే పాత వల ఒకటి కప్పు మీద పరిచి, దాని అంచులకు బండరాళ్లు కట్టేవాళ్లు. "గుండ్రంగా ఉంటే గాలి చుట్టూరా తిరిగి పోద్దమ్మాయ్. ఈటికి మూలలు పెట్టారు. మూల దొరికితే అది వదులుద్దా?" అని ఆమె గొణుగుతూనే ఉండేది. మేస్త్రి విసుక్కున్నా వినకుండా పాత ఇంటి రుబ్బురోలును తెప్పించి, కొత్త ఇంటి తూర్పు మూల గచ్చు తవ్వించి పాతించింది. రోలు లేని ఇంట్లో ఉండనని మొండికేసింది. నాంచారమ్మకు మాత్రం ఆ ఇల్లంటే ప్రాణం. వానకు నేల తడవని ఇంట్లో, పిల్లల పుస్తకాలు నానని ఇంట్లో పడుకోవాలని పదకొండేళ్లు దరఖాస్తులు పెట్టింది ఆవిడ. ఆమెను నేనేమీ అనను.

రెండేళ్లు గడిచాయి. కార్తీకంలో తుఫాను కబురొచ్చింది. ఇదివరకు ఇలాంటి కబురొస్తే బోట్లు వచ్చి దిబ్బ జనాన్ని ఒడ్డుకు చేర్చేవి. ఈసారి బోట్లు పక్క దిబ్బలకు వెళ్లాయి, ఇక్కడికి రాలేదు. గువ్వలదిబ్బలో తుఫానును తట్టుకునే ఇళ్లున్నాయని, నలభై ఇళ్ల ఫోటోలతో సహా పానకాలరావు సర్టిఫికెట్టు పొంది ఉన్నాడు కదా. ఉన్నవాళ్లను ఇళ్లలోనే ఉండమన్నారు. చూశారా, నా బొమ్మలు చూపించి జనాన్ని సముద్రం ముందు కూర్చోబెట్టారు.

తెల్లారేసరికి గాలి మొదలైంది. తొమ్మిదింటికి మడచెట్లు నేలకు వంగాయి. పది దాటాక ఇరవయ్యో నంబరు ఇంటి రేకులు లేచి, ఒక్కొక్కటే సముద్రం వైపు వెళ్లిపోవడం కిటికీలోంచి కనిపించింది. మా కప్పు కింద గాలి దూరింది. పైపులు గోడ మీద టకటకమంటూ ఎగిరి పడుతున్నాయి. గుప్పెడు సిమెంటు రాలిపోయింది.

తిరపతమ్మ అటక మీద దాచిన పాత వల తీయించింది. ఇద్దరూ వానలోకి వెళ్లి కప్పు మీదకు విసిరారు గాని, నున్నటి రేకుల మీద అది నిలవక జారిపోయింది. లోపలికి వస్తూ నాంచారమ్మ చూపు నా మీద పడింది. గుమ్మడికాయను కత్తితో కోసి కింద పడేసింది. నన్ను విప్పి, తూర్పు మూలకు తీసుకెళ్లి, నా మెడను పైపుకు తగిలించి, నా కింది వంపుకు లంగరు తాడు కట్టి, రెండో కొసను రుబ్బురోలుకు చుట్టి బిగించింది. ఎవరూ ఆమెకు చెప్పలేదు. పడవను కట్టడం వచ్చినవాళ్లకు ఇల్లు కట్టేయడం ఎవరు నేర్పాలి? రెండేళ్లు గుమ్మడికాయ మోసిన నాకు ఆ తాడు బిగిసిన క్షణంలో ప్రాణం లేచొచ్చింది.

రోలు చుట్టూ ఇద్దరు పిల్లలు ముడుచుకు కూర్చున్నారు. నాంచారమ్మ వాళ్ల మీద పడుకుంది. నాలుగో మనిషికి చోటు లేదు.

"అత్తా, ఇట్టారా, ఎట్టోకట్ట సర్దుకుందాం" అని అరిచింది.

"నేనీడ బాగానే ఉన్నాలే. పిల్లల్ని చూసుకో" అంది తిరపతమ్మ పడమటి గోడకు ఆనుకుని. ఆమె మాట ఇవతలికి వినపడేలోగా కప్పు లేచింది. పడమటి వైపు పైపులన్నీ ఒక్కసారి గాల్లోకి లేచాయి. నా మెడ తెరుచుకోబోయింది. వేలెడు తెరుచుకుంది కూడా. వదల్లేదు. నన్ను చేసిన చేతిని తలుచుకుని, పుట్టని తమ్ముళ్లను తలుచుకుని, తెల్ల కారులోని ఆ నవ్వుమొహాన్ని తలుచుకుని పట్టుకున్నాను. కప్పు నా దగ్గర ఆగి, చినిగి, మిగతా ముక్క ఎగిరిపోయింది. పోతూ పోతూ ఒక పైపు తిరపతమ్మ తలకు తగిలింది.

మధ్యాహ్నానికి గాలి తగ్గింది. నలభై ఇళ్లలో ఒక్కదానికీ కప్పు లేదు. నలభయ్యో ఇంటికి తూర్పు మూల మాత్రం మంచం అంత రేకు మిగిలింది, దాని కింద ఇద్దరు పిల్లలు మిగిలారు. దిబ్బ మీద ముగ్గురు చనిపోయారు. తిరపతమ్మ ఒకరు. నాంచారమ్మ అత్త తలను ఒళ్లో పెట్టుకుని, ఏడవకుండా, నా వైపే చూస్తూ కూర్చుంది. ఒక్క కొక్కెం ఒక మూలను పట్టుకుంది. పదహారుంటే పడమటి గోడ దగ్గర కూడా ఒకడు ఉండేవాడు. ఆ లెక్క ఆమె ఆరోజే వేసుకుంది, నేనూ వేసుకున్నాను.

పానకాలరావు వారం తర్వాత వచ్చాడు. ఒట్టి చేతులతో రాలేదు, ఒక కథ తయారుచేసుకుని వచ్చాడు. కొక్కేలన్నీ తను బిగించాడట. దిబ్బ జనమే వాటిని పీకి పాత ఇనప సామాన్లవాడికి అమ్ముకున్నారట. విచారణకు హైమావతి అని ఒక ఇంజనీరమ్మ వచ్చింది. చేపలు ఎండబెట్టే తిన్నె మీద కుర్చీ వేసుకుని కూర్చుంది. ఇళ్లను చేతులారా పాడుచేసుకున్నారని తేలితే మళ్లీ ఇళ్లివ్వరు, పైగా దొంగతనం కేసు పెడతారు. నలభై కుటుంబాలు వలలు కప్పుకుని ఎండలో నిలబడి ఉన్నాయి.

రంగబాబు తిన్నగా నాంచారమ్మ ఇంటికి వెళ్లి, తాడు కోసి, నన్ను తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"చూడండి మేడం, ఈమె దగ్గర దొరికింది. అమ్ముకోగా మిగిలిందిది. గుమ్మడికాయ కట్టుకుందట" అన్నాడు.

నా కోపం ఏ స్థాయిలో ఉందో మీరే ఊహించుకోండి. ఇద్దరు పిల్లల్ని పట్టుకున్న నన్ను ఆ పిల్లల తల్లి మీదికే దొంగసొత్తుగా చూపిస్తున్నారు. ఇనుముకు నోరుంటే ఆ తిన్నె మీద ఆ రోజు ఏం జరిగేదో.

హైమావతి నాంచారమ్మ వైపు తిరిగింది. "నువ్వు పీకావా అమ్మా?"

"పీకడానికి పాతిందెక్కడండీ? ఈయనే వదిలేసి పోయాడు. అమ్ముకున్నామంటన్నారు. దాని మీద గాట్లున్నాయండి. గాటున్నది మేం అమ్మమండి. ఎవరిదో వచ్చి అడుగుతారని రెండేళ్లు చూశా."

పానకాలరావు నవ్వాడు. అదే నవ్వు. "ఇలాంటి కబుర్లు చాలా చెబుతారండీ వీళ్లు. నా దగ్గర రుజువుంది" అని ఫైలు తెరిచి, నలభై ఫోటోల్ని బల్ల మీద వరుసగా పరిచాడు. "ఇంటి నంబరుతో సహా. ఒక్కటి తక్కువుంటే నన్ను అడగండి."

నాంచారమ్మ దగ్గరికి వచ్చి వంగి చూసింది. చదువు రాదు ఆమెకు. పలక మీది నంబర్లు ఆమె చూడలేదు. ఆమె చూసింది నా మెడ. మొదటి ఫోటో మీద వేలు పెట్టింది, రెండో దాని మీద పెట్టింది, అలా వరుసంతా వెళ్లింది. నడుస్తూనే, ఎక్కడా గొంతు పెంచకుండా చెప్పింది.

"ఇది మూడు గాట్లదే. ఇదీ మూడు గాట్లదే. ఇదీ అదే. ఇదీ అదే అండి. ఇందులో ఎక్కడన్నా ఇంకోటుంటే చూపిచ్చండి."

ఇంజనీరమ్మ నన్ను చేత్తో పట్టుకుని ఒక్కొక్క ఫోటో పక్కనా పెట్టి చూసింది. చాలాసేపు చూసింది. పానకాలరావు మెడ మీద చెమట పట్టడం నేను దగ్గర్నుంచి చూశాను. నా జీవితంలో అంత హాయి అంతకు ముందెప్పుడూ లేదు.

అయినా అతను తగ్గలేదు. "అది కమ్మరి వేసే ముద్రండీ. అన్నిటికీ ఉంటుంది" అన్నాడు.

"ఏ కమ్మరి?" అని అడిగింది ఆమె.

చెప్పక తప్పలేదు. మర్నాడు పొద్దున పంటు మీద వీరాచారి వచ్చాడు. తిన్నె మీది జనాన్ని గాని, కంట్రాక్టరును గాని పట్టించుకోలేదు. బల్ల మీద నన్ను చూసి, తీసుకుని, పంచె కొసతో ఉప్పు తుడిచి, గాట్ల మీద బొటనవేలు వేశాడు.

"ఎక్కడికి పోయావురా ఇన్నాళ్లు" అన్నాడు నాతో. తర్వాత తెరుచుకున్న నా మెడను చూసి, "దీన్ని ఎవరు ఇంత లాగారు?" అని అడిగాడు.

"తుఫాను" అంది నాంచారమ్మ.

ఆయన తలూపాడు. ఇలాంటివి మొత్తం ఎన్ని చేశారని ఇంజనీరమ్మ గట్టిగా, వినిపించే చెవి వైపు వచ్చి అడిగింది.

"ఇదొక్కటేనమ్మా. ఇది మాదిరి. మిగతా ఆరు వందల ముప్పై తొమ్మిదికి ఇనుము పంపిస్తామన్నారు. ఇంకా రాలేదు. పనే ఆలస్యమైందేమో అనుకుంటున్నా" అన్నాడు వీరాచారి.

వెనక వరుసలో ఒక ముసలాయన కింద కూర్చుండిపోయాడు. ఆయన కొడుకు తుఫానులో పోయిన ముగ్గురిలో ఒకడు.

పానకాలరావును వాళ్లు కొట్టలేదు. కొడతారని నేను ఆశపడ్డాను, అబద్ధమెందుకు. పోలీసులు వచ్చేదాకా అతణ్ణి ఎండలోనే, కప్పు లేని ఒకటో నంబరు ఇంట్లో కూర్చోబెట్టారు. తాగడానికి నీళ్లు కూడా ఇచ్చారు. మనుషుల్లో ఈ బలహీనత నాకు ఎప్పటికీ అర్థం కాదు.

ఆ తర్వాత నన్ను గుడ్డసంచిలో వేసి, లక్క ముద్ర వేసి, చీటీ కట్టారు. కోర్టు సామాన్ల గదిలో నాలుగేళ్లుగా ఉన్నాను. నా పక్కన ఒక సైకిలు గొలుసు, ఒక కొబ్బరికత్తి ఉన్నాయి. వాటి పగలు వాటివి. వాయిదా ఉన్న రోజు నన్ను బయటికి తీస్తారు. ప్రతి వాయిదాకూ నాంచారమ్మ పంటెక్కి వచ్చేది, వీరాచారి బస్సెక్కి వచ్చేవాడు. పానకాలరావు బోనులో నిలబడి ఎటైనా చూసేవాడు గాని నా వైపు చూసేవాడు కాదు. ఒకసారి జడ్జిగారే నన్ను అతని ముందు పెట్టించి, చూసి చెప్పమన్నారు. అతను చూశాడు. నవ్వలేదు.

పోయినేడు శిక్ష పడింది. అతను పై కోర్టుకు వెళ్లాడు, బెయిలు మీద బయట తిరుగుతున్నాడు. అప్పీలు తేలేదాకా సాక్ష్యం తిరిగివ్వడం కుదరదట. అంటే నేరం చేసినవాడు బయట, నేను లోపల. మీ న్యాయానికి ఒక దండం.

వాయిదాలప్పుడు కోర్టు వరండాలో నాంచారమ్మా వీరాచారీ మాట్లాడుకుంటుంటే విన్న సంగతులే నాకు తెలుసు. దిబ్బ మీద కొత్తగా నలభై ఇళ్లు లేచాయి. ఈసారి హైమావతి దగ్గరుండి కట్టించింది. గుండ్రటి గోడలు, కిందికి దిగిన కప్పు, పైన కాంక్రీటు బెల్టు, ఇంటికి పదహారు కొక్కేలు. తిరపతమ్మ గొణిగినవన్నీ ఎవరో హైమావతికి చెప్పారట. నా తమ్ముళ్లు ఆరు వందల ముప్పై తొమ్మిది మంది పుట్టారు. మాదిరి కోర్టులో ఉంది గనుక వీరాచారి నన్ను తలుచుకుని, కొలత గుర్తు తెచ్చుకుని కొట్టాడట. ఒకటి తక్కువైంది. ఇంకొకటి కొట్టి తెస్తానని ఆయన అంటే నాంచారమ్మ వద్దంది.

"పడమటేపు మా అత్త కూచున్న చోటుంది బాబాయ్, అది దానికి ఉంచా. ఇన్నాళ్లు గాటు చూసి ఎవరిదో అనుకున్నా గానీ, అది మా ఇంటిది. వదిలిపెట్టినాక తెచ్చి నువ్వే పాతాల" అంది.

పచ్చి కాంక్రీటులోనే పాతాలి కదా అని ఆయన అంటే, అక్కడ బెల్టులో జానెడు గుంత వదిలించానని చెప్పింది.

నా పగ తీరిందా అంటే, తీరలేదు. అతనికి పడిన శిక్ష ఖాయమైనా తీరదు. నా కాలు ఆ గుంతలో నిలబడి, నా మెడ ఆ పైపు మీద పడి, మళ్లీ కార్తీకంలో అలాంటి గాలే వచ్చి, పడమటి వైపు కప్పును పట్టుకుని లాగి, అది ఊడి రాక, తిరిగి సముద్రంలోకి పోయిన రోజు తీరుతుంది. అంతదాకా తుప్పు పట్టనని ఒట్టు పెట్టుకున్నాను. ప్రస్తుతానికి ఆ చోట లంగరు తాడు కట్టి ఉందట. రెండో కొస, కొత్త ఇంట్లో కూడా పాతించిన రుబ్బురోలుకు ఉంది.